సంఘం పెద్ద

"సంఘం పెద్ద ఎవడో లేవాలె" అని గుమాస్తా రఘుపతి కేకేసినప్పుడు గట్టుపాడు ఊరంతా తల వంచుకుని నేల చూసింది. లేచింది మారయ్య ఒక్కడే.

లేవడం కూడా మామూలుగా లేవలేదు. భుజం మీది తువ్వాలు తీసి దులిపి, మళ్లీ వేసుకుని, మోకాళ్ల మీద చేతులు ఆనించి నిదానంగా లేచాడు. రజాకార్లు పోయి మిలిట్రీ వచ్చి ఆరు నెలలయింది. దొర ఖాళీ చేసిపోయిన వేములకుంట గడిలో క్యాంపు పెట్టుకుని, కమ్యూనిస్టు దళాల కోసం ఊరూరూ గాలిస్తున్నారు. ఆ బేస్తవారం తెల్లవారేసరికి గట్టుపాడు చుట్టూ దిగి, మగవాళ్లందరినీ చావడి ముందు నాపరాళ్ల మీద కూర్చోబెట్టారు. ఆడవాళ్లను గోడ వారన నిలబెట్టారు.

మారయ్య భార్య సైదమ్మ ఆ గోడ వారనే ఉంది. మొగుడు లేవగానే ఆమెకు ముందు కలిగింది భయం కాదు, చిరాకు. పెద్ద అన్న మాట ఎక్కడ వినబడినా ఈయన కాళ్లు ఊరుకోవు అనుకుంది.

అందులో అబద్ధమేమీ లేదు. పదకొండేళ్ల కింద మిషన్ నుంచి పాస్టరయ్య వచ్చి, మాదిగ గూడెం గుడిసె గుడిలో మారయ్య తల మీద చెయ్యి పెట్టి సంఘానికి పెద్దగా నియమించిపోయాడు. ఆ పాస్టరయ్య ఏడాదికి రెండుసార్లు వస్తే గొప్ప. మిగిలిన రోజుల్లో అన్నీ మారయ్యే. ఆదివారం రైలుపట్టా ముక్క మీద గంట కొట్టేదీ, జ్వరం వచ్చినవాళ్ల మంచం పక్కన మోకరించేదీ, మొగుడూ పెళ్లాల తగవు తీర్చేదీ, చచ్చినవాళ్లను మట్టి చేసేదీ ఆయనే. అక్షరం ముక్క రాకపోయినా వాక్యాలు నోటికి చెబుతాడు. తగవు తీరేదాకా వచ్చినవాళ్లకు జొన్న గటక కాచి పోసేది మాత్రం సైదమ్మ. పెద్దరికం నీది, పొయ్యి నాది అని ఆమె నెలకొకసారయినా దెప్పేది. ఊళ్లో ఆయన వట్టి మారిగాడు. గడి దొర మనవడు, నడక సరిగా రానివాడు కూడా అలాగే పిలిచేవాడు. గూడెంలోకి వచ్చాక పెద్దయ్య అయ్యేవాడు. ఆ నలభై గడపల మధ్య తప్ప భూమ్మీద ఇంకెక్కడా ఆయనకు ఆ మాట దొరకదు. ఇవాళ సర్కారే ఊరందరి ముందూ ఆ మాటతో పిలిస్తే కూర్చోవడం ఆయన వల్ల కాలేదు.

గూడెంలో సంఘం అంటే ఏసయ్య సంఘమే. దున్నేవాడికి భూమి అంటూ గుట్టల్లో తిరిగేవాళ్లను దళపోళ్లు అనేవారు. ఊళ్లో మాత్రం మూడేళ్లుగా సంఘం అంటే ఆ దళాలదే. ఈ తేడా రఘుపతికి తెలుసు. గడి లెక్కలు రాసి రాసి ఊళ్లో ఎవరి నోట ఏ మాట ఏ అర్థంలో తిరుగుతుందో తెలిసినవాడు. ఇప్పుడు కెప్టెన్ పక్కన నిలబడి ఉర్దూలోకి మాట మార్చే పని అతనిది. ఆ దళాల సంఘం వచ్చిన ఏడు నుంచి మారయ్య గడికి చెప్పులూ మోట తోళ్లూ ఊరికే ఇవ్వడం మానేశాడన్న సంగతి కూడా అతనికి బాగా గుర్తు.

సంఘంలో ఎంతమంది అని కెప్టెన్ అడిగించాడు. పిల్లలు కాక నలభై ముగ్గురు అన్నాడు మారయ్య. ఎక్కడ కలుస్తారు? ఆదివారం పొద్దున గుడిసెలో, బేస్తవారం మాపున ఇంటింటికీ తిరిగి. ఇంటింటికీ అన్న మాట దగ్గర కెప్టెన్ కాగితం మీద గట్టిగా గీత గీశాడు. నడిపించేది ఎవరని అడిగితే మారయ్య సంతోషంగా ఏసయ్య అని చెప్పాడు. వాడిప్పుడు ఎక్కడున్నాడన్నారు. అంతటా ఉన్నాడన్నాడు. రఘుపతి ఆ మాటను ఎట్లా మార్చాడో గానీ చుట్టూ ఉన్న జవాన్లు తుపాకులు సర్దుకున్నారు.

"పేర్లు చెప్పు" అన్నాడు రఘుపతి.

మారయ్య ఒక్కొక్కరి పేరూ ఇంటి పేరుతో సహా చెప్పసాగాడు. మొదట కాటమయ్య పేరు చెప్పాడు. సైదమ్మ పక్కన కాటమయ్య భార్య గుర్వమ్మ ఉంది. ఆమె చేతి గాజులు గోడకు తగిలి చప్పుడయ్యాయి. సైదమ్మ ఆ చప్పుడుకు తల తిప్పి చూసి, గుర్వమ్మ ముఖం చూసి, అప్పుడు సంఘం అన్న మాటను ఊరివాళ్ల చెవితో విన్నది.  కాటమయ్య తమ్ముడు లింగస్వామి దళంలో ఉన్నాడు. సంఘం అంటూ కాటమయ్య పేరు చెప్పడమంటే ఇంకేముంది.

"ఓ అయ్యా, ఆగు" అని అరిచింది. జవాను ఒకడు లాఠీ అడ్డం పెట్టాడు. మారయ్య ఆమె వైపు చెయ్యి ఊపి, ఉండు, సర్కారు పని అన్నట్టు సైగ చేసి మళ్లీ మొదలుపెట్టాడు. ఏడు పేర్లు అయ్యాక గానీ, తను పేరు చెప్పిన ప్రతి మనిషినీ ఇద్దరేసి జవాన్లు రెక్క పట్టి లేపి పక్కకు తీసుకుపోతున్నారని ఆయన గమనించలేదు. ఎనిమిదో పేరు ఐలేశానిది. ఐలేశం సంఘానికి రెండో పెద్ద. రెండు వరుసల వెనక మోకాళ్ల మధ్య తల దాచుకుని ఉన్నాడు. మారయ్య నోరు సగం తెరిచి ఆగిపోయాడు.

"ఇంకా?"

"మర్సిపోయిన దొరా."

గూడెంలో ఎవరి బర్రె ఎప్పుడు ఈనిందో కూడా చెప్పగలిగే మనిషి ఆ మాట అంటే నవ్వు రావాలి. ఎవరికీ రాలేదు. తుపాకీ మడమ వీపున పడ్డాక కూడా ఆయన అదే మాట అన్నాడు. ఎనిమిది మందినీ తాళ్లతో కట్టి వేములకుంట వైపు నడిపించుకుపోయారు. మారయ్య తువ్వాలు నాపరాళ్ల మీదే పడి ఉంటే సైదమ్మ తీసి కొంగున కట్టుకుంది.

ఆ సాయంత్రం ఐలేశం వచ్చేసరికి సైదమ్మ తోళ్లు ఊరేసే లంద దగ్గర ఉంది. తంగేడు చెక్క వేసి ఊరబెట్టిన నీళ్లలో రెండు పెద్ద తోళ్లున్నాయి. వాటిని పూటకొకసారి తిరగేయకపోతే మచ్చ పట్టి పాడైపోతాయి. మొగుడు క్యాంపులో ఉన్నాడని తోలు ఆగదు. మోచేతుల దాకా ఎర్రటి నీళ్లలో ముంచి, తోలు అంచు పట్టి లాగి, బోర్లించి, కాలితో తొక్కి మళ్లీ ముంచుతోంది. ఐలేశం దూరంగా నిలబడి ప్రార్థన చేద్దామన్నాడు. నువ్వు చేస్తుండు, నేను తోలు తిరగేస్తాను అంది. ఆమెకు అతని మీద పీకలదాకా కోపం ఉంది. తన పేరు చెప్పబోయి ఆగిన మనిషి దెబ్బలు తింటుంటే తల ఎత్తి చూడని వాడు.

కానీ ఐలేశం ఊరికే రాలేదు. మధ్యాహ్నం రఘుపతి కాళ్లు పట్టుకుని వచ్చాడు. శనివారం పొద్దున లారీ వస్తుందట. ఎనిమిది మందినీ నల్లగొండ జైలుకు తీసుకుపోతారట. అక్కడికి పోతే ఎప్పుడు వస్తారో, అసలు వస్తారో లేదో దేవుడికే తెలియాలి. రఘుపతి తలుచుకుంటే ఆపగలడట. మారయ్య కెప్టెన్ ముందు నిలబడి, నాకు సంఘమూ లేదు, నేను ఎవరికీ పెద్దనూ కాదు, గడికి చెప్పులు కుట్టే వెట్టివాణ్ని, బుద్ధిలేక లేచాను అని చెప్పాలి. తరవాతిది రఘుపతి చూసుకుంటాడు. దొర తిరిగి వచ్చాక చెప్పులూ మోట తోళ్లూ వెనకటి మాదిరి గడికి ఊరికే ఇవ్వాలి. ఆదివారం గంట కొట్టకూడదు.

"గా ఒక్క మాట అంటే అయిపోతది వదినె" అన్నాడు ఐలేశం. "ఎన్మిది పానాలు."

సైదమ్మ తోలును ఇంకోసారి తొక్కింది. నోటికి వచ్చిన మాటలు చాలా ఉన్నాయి గానీ వాటిలో ఒక్కటి కూడా ఎనిమిది ప్రాణాలకు జవాబు కాదు. పొద్దున్నే పోయి ఆయననే అడుగుతానని చెప్పి పంపేసింది.

మరునాడు ఎనిమిది జొన్న రొట్టెలూ ఇంత మిరప తొక్కూ మూట కట్టుకుని, రెండు కోసులు నడిచి క్యాంపుకు పోయింది. గడి వెనక బందెలదొడ్డిలో ఏడుగురూ గోడకు చేరగిలబడి ఉన్నారు. కాటమయ్య పెదవి వాచి ఉంది. మారయ్య ఒక్కడు వాళ్లతో లేడు. వేపచెట్టు కింద కూర్చుని జవాన్ల తోలు పట్టీలు కుడుతున్నాడు. ఆయన చేతి పని ఎవరు చెప్పారో గానీ తెల్లారేసరికి పక్కన ఒక కుప్ప పోశారు. కాపలా జవాను రొట్టెల మూట విప్పి చూసి, వాసన చూసి, పొమ్మన్నట్టు తల ఊపాడు.

మారయ్య ఆమెను చూసి నవ్వలేదు, కళ్లనీళ్లూ పెట్టుకోలేదు. మొలకు ఎప్పుడూ కట్టుకునే సంచీలోని ఆరెతో తోలుకు చిల్లు పొడిచి, మైనం రాసిన దారం రెండు వైపుల నుంచీ దూర్చి, పళ్లతో పట్టి బిగించాడు. మిలిట్రీ పట్టీకి కూడా తన సొంత పనికి కుట్టినంత గట్టిగా కుడుతున్నాడు. తోళ్లు తిరగేసినవా అని అడిగాడు. తిరగేశానంది. తరవాత తగ్గు గొంతుతో రఘుపతి చెప్పి పంపిన మాటలన్నీ చెప్పింది. చెబుతూ ఆయన ముఖమే చూస్తోంది. మండిపడతాడనుకుంది. పదకొండేళ్లుగా ఆ పెద్దరికం కోసం ఆయన తిన్న దెప్పుళ్లూ, తను కాచిన గటకా అన్నీ ఒక్క మాటలో పోతాయంటే ఈ మనిషి ఒప్పుకోడనుకుంది.

"గట్లనే అంట" అన్నాడు మారయ్య.

"ఏమంటవ్?"

"పెద్దను కాదని అంట. వెట్టోన్నని అంట. ఏడుగురిని నేనే పట్టిచ్చిన సైదీ. ఒక్కొక్కని పేరు ఇంటిపేరుతోని చెప్పిన. నా నోరు తెచ్చిన పని నా నోరే తీర్చాలె. మాటే గద, పోతే పోనీ."

దారం బిగిస్తూనే అన్నాడు. కానీ బిగించడం అయ్యాక కూడా దారం వదలకుండా అలాగే పట్టుకున్నాడు.  పెద్ద అన్న ఈ మాట మీద సైదమ్మ ఎన్నిసార్లు ఎగతాళి చేసిందో లెక్కలేదు. ఇప్పుడు దాన్ని ఆయన పాత చెప్పు విడిచినట్టు విడిచేస్తానంటుంటే, వద్దు అని అరవాలనిపించింది. వద్దంటే ఏడుగురినీ ఏం చెయ్యాలి? గుర్వమ్మ ముఖం కళ్ల ముందు కదిలింది. కొంగున ఉన్న తువ్వాలు విప్పి ఆయన భుజం మీద వేసి వచ్చేసింది.

దారి పొడుగునా ఆమెకు ఒకటే ఆలోచన. కెప్టెన్‌కు మన మాట రాదు. మనకు వాళ్ల మాట రాదు. మధ్యన ఉన్నది రఘుపతి నోరు. ఆ నోటితో పని లేకుండా ఒక్క మాట, అసలు సంగతి తెలిపే ఒక్క మాట, నేరుగా కెప్టెన్ చెవిలో పడితే చాలు. ఆ మాటేదో తెలిసిన మనిషి గట్టుపాడులో ఒక్కతే మిగిలి ఉంది.

ఖాసింబీ ఊరి చివర గాజుల సాయిబు భార్య. పోలీసు చర్య రోజుల్లో సాయిబు గాజుల మూటతో చౌటుప్పల్ సంతకు పోయినవాడు మళ్లీ రాలేదు. అప్పట్లో నాలుగు రోజులు సైదమ్మ ఆమెను లంద పాకలో, ఎండిన తోళ్ల వెనక దాచింది. ఆ కంపుకు వెతికేవాళ్లు లోపలికి రారు. ఇప్పటికీ ఖాసింబీ నుదుట కుంకుమ పెట్టుకునే నీళ్లకు వస్తుంది, వాకిట్లో ఎవరి అడుగు చప్పుడైనా తలుపు వెనక్కు పోతుంది.

పొద్దు వాలకముందే సైదమ్మ ఆమె ఇంట్లో కూర్చుంది. నేను రాలేను, నన్ను రమ్మనకు అని ఖాసింబీ ముందే చేతులు పట్టుకుంది. రావద్దులే, మాట ఇయ్యి చాలు అంది సైదమ్మ.

"సంఘాన్ని మీ మాటల ఏమంటరు బీబమ్మా? నలుగురు కూడి దేవున్ని మొక్కుతరు గద, గసొంటి సంఘం."

"జమాత్ అంటం" అంది ఖాసింబీ. అని, వెంటనే అరచేత్తో నోరు మూసుకుంది. "వద్దు సైదమ్మా. గా మాట అనకు. ఇప్పుడు గా మాటంటే రజాకార్లనుకుంటరు. మీవోళ్లతోని పాటు నన్ను గూడ కడతరు."

 నలుగురు ఒకచోట కూడడానికి ఉన్న మాటలన్నీ ఆ మూడేళ్లలో చెడిపోయాయి. ఒకటి దళాల పాలయింది, ఇంకొకటి రజాకార్ల పాలయింది. ఖాసింబీ చాలాసేపు కింద పరిచిన చాప ఈనె పీకుతూ కూర్చుంది. కొత్తగా పెళ్లయినప్పుడు సాయిబు సికింద్రాబాదు తీసుకుపోయి తిప్పాడు. అక్కడ పెద్ద గంట ఉన్న తెల్ల గోడల కట్టడం చూపించి ఒక పేరు చెప్పాడు. ఆ పేరు ఆమె నాలుక మీదికి రావడానికి కొంత సమయం పట్టింది.

"గిర్జా" అంది చివరికి. "ఏసు గుడిని గిర్జా అంటరు. హిందుస్తాన్ మొత్తం తెలుస్తది. మీ ఆయన గిర్జా కా బడా ఆద్మీ, అంటే గిర్జాకు పెద్దమనిషి. గంతే చెప్పు."

సైదమ్మ ఆ నాలుగు మాటలూ ఇరవైసార్లు వల్లె వేసింది. ఖాసింబీ తప్పు దిద్దుతూ, రెండుసార్లు నవ్వింది కూడా. ఆరు నెలల్లో ఆ ఇంట్లో నవ్వు వినబడటం అదే మొదలు.

శనివారం తెల్లవారుతుండగా సైదమ్మ, గుర్వమ్మ బయలుదేరారు. సైదమ్మ నోరు మెదుపుతూనే ఉంది. గుర్వమ్మ ఏడుపు మొదలుపెడితే కసిరింది. ఏడిస్తే మాటలు చెదిరిపోతాయి. కుంట కట్ట దిగుతుండగా ముల్లు కాలికి దిగింది. కూర్చుని తీసుకుని లేచేసరికి మధ్యలో ఉన్న మాట జారిపోయింది. గిర్జా కా అనేదాకా వచ్చి తడుముకుంది. బడా అన్నదో బుడ్ఢా అన్నదో తేలలేదు. వెనక్కు పోయి అడిగే వ్యవధి లేదు. గడి ముందు లారీ అప్పటికే వచ్చి ఉంది.

గడి అరుగు మీద కుర్చీలో కెప్టెన్, బల్ల మీద కాగితాలు, పక్కన రఘుపతి. ఏడుగురినీ లారీ పక్కన నిలబెట్టారు. మారయ్యను ముందుకు పిలిచారు. ఆయన ముఖం కడుక్కుని, తువ్వాలు నడుముకు చుట్టుకుని వచ్చాడు. దొరల ముందు వెట్టివాళ్లు అలాగే చుట్టుకుంటారు. మూడేళ్లుగా సైదమ్మ ఆయనను అలా చూడలేదు. అది చూసేసరికి భయం కాస్తా ఎటు పోయిందో పోయింది.

రఘుపతి చెప్పు అన్నాడు. మారయ్య చేతులు కట్టుకుని, నేను అని మొదలుపెట్టాడు.

కాపలా జవాను తుపాకీ కింద నుంచి వంగి దూరి సైదమ్మ అరుగు దాకా వచ్చేసింది.

"సాబ్. గిర్జా. గిర్జా కా బుడ్ఢా" అంది, మొగుణ్ని చూపిస్తూ.

జవాను ఆమె రెక్క పట్టాడు. ఆమెకు ఇక వేరే మాటలు లేవు. రెండు చూపుడు వేళ్లూ ఒకదాని మీద ఒకటి అడ్డంగా పెట్టి, సిలువ చేసి, ఆ చేతులు కెప్టెన్ ముఖం ముందుకు చాపింది. గోళ్ల నిండా తంగేడు నీళ్ల ఎరుపు.

కెప్టెన్ చెయ్యి ఎత్తి జవానును ఆపాడు. గిర్జా అని తనలో అనుకుని రఘుపతి వైపు తిరిగాడు. రఘుపతి ఏదో పొడుగ్గా చెప్పబోయాడు. కెప్టెన్ వినలేదు. నేరుగా మారయ్యనే చూసి, పాదిరి? అని అడిగాడు. ఆ మాట మారయ్యకు తెలుసు.

"పాదిరి దొర మిషన్ బంగళాల ఉంటడు సాబ్" అన్నాడు. పెద్దను కాదని చెప్పడానికి తెచ్చుకున్న మాటలు ఆయన నోట్లోనే ఉండిపోయాయి. భార్య వైపు చూశాడు. ఆమె వేళ్లు ఇంకా అలాగే ఉన్నాయి.

కెప్టెన్ ఇప్పుడు రఘుపతికి ఒక్కొక్క మాటా విడదీసి చెప్పాడు. రఘుపతి ముఖం మాడ్చుకుని తెలుగులో అన్నాడు. నువ్వు గిర్జా మనిషివైతే అక్కడ ఏం చేస్తావో ఇక్కడ చేసి చూపించమంటున్నాడు.

మారయ్య అటూ ఇటూ చూశాడు. గంట లేదు, గుడిసె లేదు. లారీ పక్కన ఏడుగురు ఉన్నారు. వాళ్ల వైపు తిరిగి, ప్రతి ఆదివారం అనే మాటే, అదే నెమ్మది గొంతుతో అన్నాడు.

"ప్రార్థన చేస్కుందాం."

ఏడుగురూ ఒక్కసారే తలగుడ్డలు తీసేశారు. ఒక్కసారే కళ్లు మూశారు. ఎవరూ ఎవరినీ చూసి చెయ్యలేదు. వాచిన పెదవితో కాటమయ్య కూడా, తుపాకుల మధ్య నిలబడి, ఇంట్లో ఉన్నట్టు కళ్లు మూసుకున్నాడు. మారయ్య ప్రార్థన మొదలుపెడితే గూడెంలో పొయ్యి మీది కుండలు మాడతాయని పేరు. ఆ రోజు మాత్రం రెండే మాటల్లో ముగించాడు. తండ్రీ, వీళ్లను ఇళ్లకు చేర్చు అన్నాడు. ఆమేన్ అన్నాడు. ఏడు గొంతులు ఆమేన్ అన్నాయి. గుర్వమ్మది ఎనిమిదో గొంతు.

కెప్టెన్ వాళ్ల ముఖాలనే చూస్తున్నాడు. ఇలాంటిది ఎవరికీ రెండు రోజుల్లో నేర్పలేరని అతనికి అర్థమైంది. రఘుపతి వైపు తిరిగి నాలుగు మాటలు అన్నాడు. అవి తెలుగులోకి మార్చే పని రఘుపతి పెట్టుకోలేదు, అతని చెవులు ఎర్రబడటం చూస్తే అవసరమూ లేదు. తరవాత సైదమ్మను చూసి బుడ్ఢా అని నవ్వాడు. తను ముసలాడు అన్నానని ఆమెకు అప్పటికింకా తెలియదు. నవ్వాడు గదా, అంతే చాలనుకుని, వేళ్లు దించింది.

అయితే రఘుపతి ఊరుకునే మనిషి కాదు. ఈ ఏడుగురిలో ఒకడి తమ్ముడు దళంలో ఉన్నాడని చెప్పాడు. అది అబద్ధం కాదు. కెప్టెన్ నవ్వు ఆగిపోయింది. ఒక కాగితం రాయించి, సిరా దిమ్మ తెప్పించాడు. రఘుపతి ఈసారి ప్రతి మాటా తూచినట్టు తెలుగు చేశాడు. ఏడుగురికీ ఎవరో ఒకరు జామీను ఉండాలి. వీళ్లలో ఎవరు దళంతో కలిసినట్టు తెలిసినా ముందు జామీనుదారును పట్టుకుంటారు. అప్పుడు గిర్జా అన్నా, ఇంకేమన్నా వినరు. అర్థమయిందా?

అర్థమయిందన్నాడు మారయ్య. తుపాకీ మడమ పడ్డ వీపును కాస్త సర్దుకున్నాడు. ఏడుగురి వైపూ చూశాడు. కాటమయ్య దగ్గర చూపు కాస్త ఎక్కువసేపు ఆగింది. లింగస్వామి చీకటి పడ్డాక అన్న ఇంటికి వచ్చి తల్లి చేతి ముద్ద తినిపోతాడని గూడెంలో అందరికీ తెలుసు. సైదమ్మకు తెలుసు. కాటమయ్య తల ఎత్తలేదు. వద్దు, వాడొక్కణ్ని వదిలి మిగిలిన ఆరుగురికి ఉండు అని సైదమ్మ లోపల ఎవరో అన్నారు. ఆ అన్నది తనే. పక్కనే గుర్వమ్మ ఉంది. సైదమ్మ నోరు విప్పలేదు.

మారయ్య నడుముకు చుట్టిన తువ్వాలు విప్పి, చేతులు శుభ్రంగా తుడుచుకుని, భుజం మీద వేసుకున్నాడు. మైనం పట్టిన బొటనవేలికి సిరా సరిగా అంటలేదు. తువ్వాలుతో రుద్ది మళ్లీ దిమ్మ మీద పెట్టి, కాగితం మీద ఒత్తాడు. ఒత్తినవాడు వెంటనే తియ్యలేదు. పట్టీ అతికించేటప్పుడు ఆగినట్టు ఒక క్షణం ఆగి తీశాడు.

అందరినీ వదిలేశారు. కానీ పట్టీలు ఇంకా రెండు మిగిలి ఉన్నాయని, అవి కుట్టి పొమ్మనీ జవాను కుప్ప చూపించాడు. మిగిలినవాళ్లు వెళ్లొచ్చన్నాడు. ఒక్కరూ వెళ్లలేదు. ఏడుగురూ వేపచెట్టు కింద మారయ్య చుట్టూ కూర్చున్నారు. ఆయన చిల్లు పొడుస్తుంటే ఒకడు తోలు పట్టుకున్నాడు, ఒకడు దారానికి మైనం రాశాడు. రెండు పట్టీలు అంత తొందరగా ఎన్నడూ కాలేదు.

గడి దాటి నడిచారు. కుంట కట్ట మీదికి రాగానే ఎవరో ముందుగా నవ్వారు. ఉర్దూ నాలుగు ముక్కలు తెలిసిన ఒకడు బుడ్ఢా అంటే ఏమిటో చెప్పాడు. ఇక ఆపడం ఎవరి వల్లా కాలేదు. దెబ్బ తగిలిన చోట్లు పట్టుకుని మరీ నవ్వారు. కెప్టెన్ ముందు మొగుణ్ని ముసలాడు అన్న ఆడది జిల్లాలో ఇంకోతి ఉండదన్నారు. మారయ్య తల నిమురుకుని, ఉన్న మాటే గద అన్నాడు. సైదమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియలేదు, అడగడానికి ఎవరికీ తీరిక లేదు. ఊరికి పోగానే ఖాసింబీకి ఈ సంగతి చెప్పాలనుకుంది.

కాటమయ్య మాత్రం నవ్వలేదు. వెనకబడి నడుస్తున్నాడు. రేగుపొదల మలుపు దగ్గర అడుగు పెంచి మారయ్య పక్కకు వచ్చాడు.

"మామా, ముందే చెప్తున్న. తమ్ముడొచ్చి ఆకలైతాందంటే నేను తలుపు ఎయ్యలేను. మా అవ్వ అసలు ఎయ్యనియ్యది."

"ఎయ్యమన్ననా?"

"ఏలుముద్ర నీది గద."

మారయ్య నడక ఆపలేదు.

"నీ పేరు నేను చెప్పిన, కాటమయ్యా. చెప్పినోడే మొయ్యాలె. నువ్వు నీ తమ్మునికి అన్నం పెట్టు."

 కాటమయ్య ఆయన చేతిలో ఉన్న ఆరె సంచీ తీసుకుని తన భుజానికి తగిలించుకున్నాడు. వెనక నుంచి సైదమ్మ ఆ ఇద్దరినీ చూస్తూ నడిచింది. రేపటి గురించి భయం ఉంది, లేదనడానికి లేదు. కానీ ఆ మాట విన్నాక వద్దనాలనిపించలేదు. బేస్తవారం నుంచి తను ఏమీ తినలేదని అప్పుడే గుర్తొచ్చింది. ఇంటికి పోగానే ముందు పొయ్యి ముట్టించి, తనతో కలిపి ఈ పది మందికీ సరిపోయేంత గటక ఎసరు పెట్టాలనుకుంటూ, గుర్వమ్మ చెయ్యి పట్టుకుని అడుగు పెంచింది.